విద్యుచ్ఛాలక బలం, వోల్టేజి: రెండు భావనలు వేరుపడిన చరిత్ర

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
- విద్యుచ్ఛాలక బలం అనే పేరు ఎక్కడ, ఏ అర్థంలో పుట్టిందో చెప్పగలుగుతారు.
- ఓమ్ 1826లో తీసుకున్న కొలతల ఆధారంగా అంతర్నిరోధం అనే భావనను వివరించగలుగుతారు.
- విద్యుచ్ఛాలక బలానికీ, టెర్మినల్ వోల్టేజికీ తేడాను లెక్కతో చూపగలుగుతారు.
- పొటెన్షియోమీటరుతో విద్యుచ్ఛాలక బలాన్ని ఎందుకు కొలుస్తారో చెప్పగలుగుతారు.

1. పరిచయం

మీరు ఎప్పుడో ఒకప్పుడు గమనించే ఉంటారు. రాత్రిపూట ఇంజను ఆగి ఉన్న కారులో హెడ్‌లైట్లు వేసి, స్టార్టరు తిప్పితే ఆ క్షణంలో లైట్లు మసకబారతాయి. ఇంజను అందుకోగానే మళ్ళీ వెలుగు వస్తుంది. స్టార్టరు తిప్పకముందు బ్యాటరీ దగ్గర వోల్టుమీటరు పెడితే సుమారు 12.6 వోల్టులు చూపుతుంది. తిప్పిన క్షణంలో అది 10 వోల్టుల దాకా పడిపోవచ్చు. బ్యాటరీ లోపలి పలకలు మారలేదు, ఆమ్లం మారలేదు. మరి ఆ రెండున్నర వోల్టులు ఎక్కడికి పోయాయి?

ఈ ప్రశ్నకు జవాబు ఒక్క వాక్యంలో చెప్పవచ్చు: విద్యుచ్ఛాలక బలం మారలేదు, టెర్మినల్ వోల్టేజి తగ్గింది. చాలామంది విద్యార్థులు పరీక్షలో ఈ వాక్యం రాస్తారు. కానీ రెండింటినీ వోల్టులలోనే కొలుస్తాం, రెండింటినీ ఒకే మీటరుతో చూస్తాం. అలాంటప్పుడు అవి రెండు వేరు రాశులని ఎందుకు ఒప్పుకోవాలి అని అడిగితే తడబడతారు. ఆ తడబాటు మీ ఒక్కరిదే కాదు. 1800లో మొదటి బ్యాటరీ వచ్చిన తరువాత దాదాపు అర్ధ శతాబ్దం పాటు ఐరోపాలోని మేటి శాస్త్రజ్ఞులు కూడా ఈ రెండింటినీ స్పష్టంగా విడదీయలేకపోయారు. వారు ఏ మెట్టు దగ్గర ఆగిపోయారో, దాన్ని ఎలా దాటారో తెలుసుకుంటే ఈ తేడా మీకు బట్టీ పట్టవలసిన నిర్వచనంగా కాక, అర్థమైన విషయంగా మిగులుతుంది.

ఈ పాఠంలో విద్యుచ్ఛాలక బలాన్ని అక్కడక్కడ వి.చా.బ. అని సంక్షిప్తంగా రాస్తాం.

2. వోల్టా: పేరు పుట్టిన చోటు

ఇటలీలోని బొలోన్యా నగరంలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించిన లుయీజీ గాల్వానీ 1791లో తన ప్రయోగాలను ప్రచురించాడు. చనిపోయిన కప్ప కాలి నరానికీ కండరానికీ రెండు వేరు వేరు లోహాలను తాకించి, ఆ లోహాలను కలిపితే కాలు ఎగిరిపడుతుంది. జంతువు శరీరంలోనే ఒక విద్యుత్తు నిల్వ ఉందని, లోహం దానికి దారి మాత్రమే చూపుతుందని గాల్వానీ భావించాడు.

పావియా విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర ఆచార్యుడైన అలెస్సాండ్రో వోల్టా మొదట ఈ ఫలితాలను మెచ్చుకున్నాడు, తరువాత వాటి వివరణను సందేహించాడు. రెండు లోహాలు వేరు వేరుగా ఉన్నప్పుడే ప్రభావం బలంగా ఎందుకు ఉంటోంది? కప్ప కాలు విద్యుత్తును పుట్టించేది కాదు, దాన్ని పసిగట్టే సాధనం మాత్రమే అని వోల్టా వాదించాడు. ఆ వాదాన్ని నిరూపించడానికి కప్పను పూర్తిగా తీసివేశాడు. వెండి బిళ్ళ, జింకు బిళ్ళ, ఉప్పు నీటిలో తడిపిన అట్టముక్క. మళ్ళీ వెండి, జింకు, అట్ట. ఇలా దొంతరగా పేర్చి, పై చివరనూ కింది చివరనూ తడి చేతులతో తాకితే షాక్ తగిలింది. ఈ పరికరం గురించి 1800 మార్చి 20న లండన్‌లోని రాయల్ సొసైటీ అధ్యక్షుడు జోసెఫ్ బ్యాంక్స్‌కు ఆయన ఉత్తరం రాశాడు. మనం వోల్టా దొంతర అని పిలిచేది దీన్నే.

అప్పటివరకు తెలిసిన విద్యుత్ నిల్వ సాధనం లైడెన్ జాడీ. దాన్ని ఒకసారి తాకితే ఖాళీ అవుతుంది, మళ్ళీ నింపుకోవాలి. దొంతర అలా కాదు. ఎన్నిసార్లు తాకినా దానంతట అదే మళ్ళీ సిద్ధమవుతుంది. అంటే లోపల ఏదో ఒకటి విద్యుత్తును ఆగకుండా తోస్తూ ఉండాలి. ఆ తోసే సామర్థ్యానికే వోల్టా విద్యుత్తును నడిపించే బలం అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. మన విద్యుచ్ఛాలక బలం అనే మాట ఆ పేరుకు తెలుగు రూపమే. విద్యుత్, చాలకం, బలం అని విడదీసి చూడండి. వోల్టా మనసులోని బొమ్మ అందులో యథాతథంగా కనిపిస్తుంది.

రెండు లోహాలు తాకిన చోటే ఈ బలం పుడుతుందని, తడి అట్ట విద్యుత్తును దాటించడానికి మాత్రమే పనికొస్తుందని వోల్టా నమ్మాడు. ఈ నమ్మకంలో ఒక పెద్ద లోపం ఉంది. రెండు లోహాలు ఊరికే తాకి ఉన్నంత మాత్రాన ఎడతెగని ప్రవాహం వస్తే, ఖర్చు లేకుండా పని జరుగుతున్నట్టే. శక్తి నిత్యత్వ నియమం ఇంకా రూపుదిద్దుకోని రోజులు కాబట్టి ఆ లోపం అప్పట్లో అందరికీ కనిపించలేదు. దాని సంగతి 7వ విభాగంలో చూద్దాం.

3. ఆంపియర్: రెండు పరికరాలు, రెండు స్థితులు

వోల్టా దొంతర చివరల మధ్య ఉండే స్థితిని తన్యత అని పిలిచారు. గట్టిగా లాగిపెట్టిన తాడులో ఉండే బిగువు వంటిదని దాని భావం. దాన్ని విద్యుద్దర్శినితో చూసేవారు. అందులోని రేకులు ఎంత విడిపోతే తన్యత అంత ఎక్కువ.

1820లో డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు ఓర్‌స్టెడ్ ప్రవాహం ఉన్న తీగ దగ్గర అయస్కాంత సూచిక కదులుతుందని కనుగొన్నాడు. దానితో ప్రవాహాన్ని కొలిచే దారి దొరికింది. అదే సంవత్సరం పారిస్‌లో ఆంపియర్ ఒక ముఖ్యమైన విభజన చేశాడు. విద్యుచ్ఛాలక చర్య వల్ల రెండు రకాల ఫలితాలు కలుగుతాయని, ఒకటి తన్యత, రెండోది ప్రవాహమని చెప్పాడు. వలయం తెరిచి ఉంటే తన్యత ఉంటుంది, విద్యుద్దర్శిని చూపుతుంది. వలయం మూస్తే ప్రవాహం ఉంటుంది, సూచిక చూపుతుంది.

ఈ విభజన ఎంతో మేలు చేసింది. విద్యుత్ ప్రవాహం అనే రాశి స్పష్టంగా నిలబడింది దీనివల్లే. కానీ ఇందులోనే ఒక అడ్డంకి కూడా ఉంది. వలయం మూయగానే తన్యత మాయమవుతుందని, లేదా లెక్కలోకి రానంత చిన్నదవుతుందని ఆంపియర్ భావించాడు. అప్పటి విద్యుద్దర్శినులకు అంత చిన్న తేడాలు సులభంగా అందేవి కావు కాబట్టి ఆ అభిప్రాయం సహజంగానే కనిపించింది. ఫలితంగా, ప్రవాహం జరుగుతున్న తీగ రెండు చివరల మధ్య వోల్టేజి ఎంత అనే ప్రశ్న అడిగే ఆలోచనే రాలేదు. ఈ రోజు ప్రయోగశాలలో మీరు నిరోధానికి సమాంతరంగా వోల్టుమీటరు కలుపుతారు. ఆంపియర్ విభజన ప్రకారం ఆ పనికి అర్థమే ఉండదు.

4. ఓమ్ కొలతలు

ఆ అడ్డంకిని దాటినవాడు జార్జ్ సైమన్ ఓమ్. ఆయన విశ్వవిద్యాలయ ఆచార్యుడు కాదు. జర్మనీలోని కొలోన్ నగరంలో ఒక ఉన్నత పాఠశాలలో గణితం, భౌతికశాస్త్రం చెప్పే ఉపాధ్యాయుడు. పాఠశాలలోని పరికరాలతోనే ప్రయోగాలు చేశాడు.

1825లో వోల్టా తరహా ఘటంతో మొదలుపెట్టాడు. తీగ పొడవు మారితే ప్రవాహం ఎలా మారుతుందో కొలిచి ఒక సూత్రం ప్రచురించాడు. అందులో లాగరిథమ్ ఉంది. ఆ సూత్రం తప్పు. తప్పుకు కారణం ఓమ్ అజాగ్రత్త కాదు, ఘటమే. అలాంటి ఘటాన్ని పనిలో పెట్టగానే రాగి పలకపై హైడ్రోజన్ బుడగలు చేరి దాని సామర్థ్యాన్ని తగ్గిస్తాయి. దీన్నే ధ్రువణం అంటాం. ఒక కొలత తీసుకుని రెండో కొలతకు వెళ్ళేలోపే ఆధారం మారిపోతుంటే, నియమం ఎలా దొరుకుతుంది?

భౌతికశాస్త్ర పత్రిక సంపాదకుడు పాగెన్‌డార్ఫ్ ఆయనకు ఒక సలహా ఇచ్చాడు: ఘటానికి బదులు ఉష్ణయుగ్మం వాడమని. రెండు వేరు లోహాలను రెండు చోట్ల కలిపి, ఆ సంధులను వేరు వేరు ఉష్ణోగ్రతల వద్ద ఉంచితే ప్రవాహం వస్తుందని సీబెక్ 1821లో కనుగొన్నాడు. ఓమ్ బిస్మత్, రాగి తీసుకుని ఒక సంధిని మరుగుతున్న నీటిలోనూ, మరొకదాన్ని మంచులోనూ ఉంచాడు. నీరు మరుగుతున్నంతసేపు, మంచు కరిగిపోనంతసేపు ఆధారం స్థిరంగా ఉంటుంది. ప్రవాహాన్ని కొలవడానికి తీగ మీదుగా ఒక అయస్కాంత సూచికను సన్నని లోహపు రేకుతో వేలాడదీశాడు. ప్రవాహం సూచికను తిప్పుతుంది. దాన్ని తిరిగి మొదటి స్థానానికి తేవడానికి పై రేకును ఎంత మెలితిప్పాలో ఆ మెలి కొలతే ప్రవాహానికి కొలత.

ఒకే మందం గల ఎనిమిది రాగి తీగలు, ఎనిమిది పొడవులు. 1826 జనవరి 8న ఆయన పొందిన ఫలితాలు కింది పట్టికలో ఉన్నాయి. మూడో నిలువు వరుసలో ఉన్నవి ఆయన సూత్రం నుంచి మనం లెక్కకట్టిన విలువలు.

| తీగ పొడవు (అంగుళాలు) | ఓమ్ కొలిచిన మెలి | సూత్రం ఇచ్చే విలువ |
|---|---|---|
| 2 | 326¾ | 327.4 |
| 4 | 300¾ | 300.4 |
| 6 | 277¾ | 277.5 |
| 10 | 238¼ | 240.8 |
| 18 | 190¾ | 190.5 |
| 34 | 134½ | 134.3 |
| 66 | 83¼ | 84.5 |
| 130 | 48½ | 48.5 |

సూత్రం చూడకముందు పట్టికను ఒక్క నిమిషం పరిశీలించండి. తీగ పొడవు 2 అంగుళాల నుంచి 4 అంగుళాలకు రెట్టింపు అయింది. తీగ ఒక్కటే ప్రవాహాన్ని అడ్డుకునేదైతే ప్రవాహం సగానికి తగ్గాలి. కానీ అది 327 నుంచి 301కి మాత్రమే తగ్గింది. అదే 66 నుంచి 130 అంగుళాలకు, అంటే సుమారు రెట్టింపు చేస్తే, 83 నుంచి 48½కి పడింది. తీగ పొడవయ్యేకొద్దీ ప్రవాహం సగానికి దగ్గరవుతోంది. దీన్నిబట్టి మీకు ఏమి తోస్తోంది? తీగతోబాటు ఇంకేదో ఒక స్థిరమైన అడ్డు కూడా వలయంలో ఉంది. తీగ చిన్నగా ఉన్నప్పుడు ఆ అడ్డుదే పైచేయి. తీగ పొడవైనప్పుడు దాని ప్రాధాన్యం తగ్గుతుంది.

ఓమ్ దీన్ని ఇలా రాశాడు:

ప్రవాహం = ఎ ÷ (బి + తీగ పొడవు)

పై కొలతలకు ఎ విలువ 7285, బి విలువ 20¼. మొదటి వరుస సరిచూడండి: 7285ను 22¼తో భాగిస్తే 327.4 వస్తుంది.

ఈ రెండు స్థిరాంకాల అర్థమేమిటి? ఓమ్ సంధుల మధ్య ఉష్ణోగ్రత తేడాను మార్చి చూశాడు. ఎ మారింది, బి మారలేదు. కాబట్టి ఎ అనేది ఆధారం తోసే సామర్థ్యం, అంటే విద్యుచ్ఛాలక బలం. బి అనేది తీగ కాక మిగిలిన వలయం, ముఖ్యంగా ఆధారం, చూపే నిరోధం. ఆధారం ఇరవైయింకాలు అంగుళాల రాగి తీగతో సమానంగా అడ్డుకుంటోంది. దాన్నే మనం అంతర్నిరోధం అంటున్నాం.

ఇక్కడే అసలు మలుపు ఉంది. అంతకుముందు అందరూ ఆధారాన్ని వలయానికి బయట నిలబడి తోసేదిగా చూశారు. ఓమ్ దాన్ని కూడా వలయంలో ఒక భాగంగా లెక్కలోకి తెచ్చాడు. ఆ పని చేయగానే వి.చా.బ., వోల్టేజి రెండుగా విడిపోతాయి. ఎలాగో ఆయన అంకెలతోనే చూద్దాం.

ప్రవాహాన్ని తీగ పొడవుతో గుణిస్తే తీగ చివరల మధ్య వోల్టేజి, ఎ కొలిచిన ప్రమాణాలలోనే, వస్తుంది.

2 అంగుళాల తీగకు: 327.4 × 2 = సుమారు 655. ఇది 7285లో 9 శాతం.
18 అంగుళాల తీగకు: 190.5 × 18 = సుమారు 3428. ఇది 47 శాతం.
130 అంగుళాల తీగకు: 48.5 × 130 = సుమారు 6303. ఇది దాదాపు 87 శాతం.

మూడు సందర్భాలలోనూ విద్యుచ్ఛాలక బలం 7285 మాత్రమే. తీగ చివరల మధ్య దొరికినది మాత్రం ప్రతిసారీ వేరు. మిగిలినది ఆధారం లోపలే ఖర్చయింది. తీగను ఎంత పొడవు చేసినా ఈ వాటా నూరు శాతానికి దగ్గరవుతుందే కాని, ప్రవాహం ఉన్నంతవరకు నూరు కాదు.

ఇప్పుడు కారు దగ్గరకు తిరిగి రండి. స్టార్టరు మోటారు అతి తక్కువ నిరోధం ఉన్న 2 అంగుళాల తీగ వంటిది. పెద్ద ప్రవాహం లాగుతుంది. దాంతో బ్యాటరీ లోపల ఖర్చయ్యే భాగం పెరుగుతుంది. లైట్లకు మిగిలేది తగ్గుతుంది. పోయిన రెండున్నర వోల్టులు బ్యాటరీ అంతర్నిరోధం మీద ఉన్నాయి.

మీ ప్రగతిని సరిచూసుకోండి - 1

అ) ఓమ్ 20¼ అంగుళాల తీగ వాడి ఉంటే మెలి ఎంత వచ్చేది? తీగ చివరల మధ్య వి.చా.బ.లో ఎన్నో వంతు ఉండేది?
ఆ) తీగ పొడవు సున్నా అయితే ప్రవాహం అనంతం ఎందుకు కాదు?

5. ఓమ్‌కు ఎదురైన ఆదరణ, టెలిగ్రాఫు పాఠం

ఓమ్ తన సిద్ధాంతాన్ని 1827లో బెర్లిన్‌లో పుస్తకంగా ప్రచురించాడు. దానితో విశ్వవిద్యాలయంలో ఉద్యోగం వస్తుందని ఆశించాడు. రాలేదు. ప్రయోగాల కంటే గణితం ముందుకు వచ్చిన ఆ పుస్తకాన్ని జర్మనీలో కొందరు చదవలేదు, కొందరు చదివి ఎద్దేవా చేశారు. ఆయన కొలోన్ ఉద్యోగం వదులుకున్నాడు. కొన్నేళ్ళు బెర్లిన్‌లో చిన్న బోధన పనులతో గడిపి, 1833లో న్యూరెంబర్గ్ పాలిటెక్నిక్‌లో చేరాడు. లండన్ రాయల్ సొసైటీ 1841లో కోప్లీ పతకం ఇచ్చిన తరువాతే ఆయన పేరు స్వదేశంలో నిలబడింది. మ్యూనిక్ విశ్వవిద్యాలయంలో పూర్తిస్థాయి ఆచార్యుడైంది 1852లో. మరో రెండేళ్ళకు, 1854లో, మరణించాడు.

ఆ సూత్రం తెలియకపోవడం వల్ల నష్టపోయింది ఓమ్ ఒక్కడే కాదు. 1825లో ఇంగ్లండులో పీటర్ బార్లో పొడవైన తీగ గుండా సూచికను కదిలించే ప్రయత్నం చేశాడు. 200 అడుగులకే ప్రభావం బాగా తగ్గడం చూసి విద్యుత్ టెలిగ్రాఫు సాధ్యం కాదని తేల్చాడు. 1831లో అమెరికాలో జోసెఫ్ హెన్రీ, ఓమ్ పని తెలియకుండానే, మరో దారిలో వెళ్ళాడు. చిన్న ఘటాలను ఎక్కువగా శ్రేణిలో కలిపితే 1060 అడుగుల తీగ చివర కూడా విద్యుదయస్కాంతం పనిచేసింది. ఒకే పెద్ద పలకల జతతో పొడవైన తీగలో అలాంటి ఫలితం రాలేదు.

హెన్రీకి ప్రయోగంలో తెలిసినది ఓమ్ సూత్రంతో కాగితం మీదే తెలుస్తుంది. 1.1 వోల్టుల వి.చా.బ., 1 ఓమ్ అంతర్నిరోధం ఉన్న పది ఘటాలు మీ దగ్గర ఉన్నాయనుకోండి.

బయటి తీగ నిరోధం 100 ఓమ్‌లు అయితే:
శ్రేణి సంధానంలో ప్రవాహం = 11 ÷ 110 = 0.1 ఆంపియర్.
సమాంతర సంధానంలో ప్రవాహం = 1.1 ÷ 100.1 = సుమారు 0.011 ఆంపియర్.

బయటి తీగ నిరోధం 0.1 ఓమ్ అయితే:
శ్రేణిలో = 11 ÷ 10.1 = సుమారు 1.09 ఆంపియర్లు.
సమాంతరంలో = 1.1 ÷ 0.2 = 5.5 ఆంపియర్లు.

దూరపు తీగకు వి.చా.బ. పెంచాలి. పొట్టి తీగకు అంతర్నిరోధం తగ్గించాలి. రెండూ వేరు అవసరాలు. వాటిని ఒకే మాటతో, బ్యాటరీ బలం అని, పిలిచినంతకాలం ఈ లెక్క ఎవరికీ అందలేదు. ఇంగ్లండులో టెలిగ్రాఫు నిర్మించినవారిలో ఒకరైన వీట్‌స్టన్ ఓమ్ సూత్రాన్ని అర్థం చేసుకుని వాడుకున్నాడు. 1843లో రాయల్ సొసైటీ ముందు చేసిన ఉపన్యాసంలో దాన్ని ఇంగ్లీషు పాఠకులకు విస్తృతంగా పరిచయం చేశాడు.

6. ప్రవాహం లేకుండా కొలవడం

ఇక మిగిలిన చిక్కు కొలతది. ఘటం చివరలకు సూచిక గల మీటరు కలపగానే దాని గుండా కొంత ప్రవాహం పోతుంది. ప్రవాహం పోతే అంతర్నిరోధం మీద కొంత వోల్టేజి ఖర్చవుతుంది. మీటరు చూపేది ఎప్పుడూ వి.చా.బ. కంటే కొంచెం తక్కువే. మరి వి.చా.బ.ను ఉన్నది ఉన్నట్టుగా కొలవడం ఎలా?

ముందుగా స్థిరమైన ఘటం కావాలి. లండన్ కింగ్స్ కళాశాలలో రసాయనశాస్త్రం బోధించిన జాన్ ఫ్రెడరిక్ డేనియల్ 1836లో దాన్ని సాధించాడు. రాగి పలకను మైలతుత్తం ద్రావణంలో, జింకును సజల సల్ఫ్యూరిక్ ఆమ్లంలో ఉంచి, రెండింటి మధ్య ద్రవాలు కలిసిపోకుండా సన్నని రంధ్రాలున్న అడ్డుగోడ పెట్టాడు. రాగి మీద హైడ్రోజన్‌కు బదులు రాగే పేరుకుంటుంది కాబట్టి ధ్రువణం ఉండదు. దీని వి.చా.బ. సుమారు 1.1 వోల్టులు, చాలాసేపు స్థిరంగా ఉంటుంది.

కొలిచే పద్ధతిని 1841లో పాగెన్‌డార్ఫ్ ఇచ్చాడు. ఓమ్‌కు ఉష్ణయుగ్మం సలహా ఇచ్చినది ఈయనే. పద్ధతి సారాంశం ఇది: కొలవవలసిన ఘటానికి ఎదురుగా, మరొక బ్యాటరీ నడుపుతున్న తీగ మీది వోల్టేజిని నిలబెట్టండి. ఆ వోల్టేజిని సర్దుతూ పోండి. రెండూ సమానమైన చోట గాల్వనోమీటరు సున్నా చూపుతుంది. ఆ స్థితిలో ఘటం నుంచి ప్రవాహం రావడం లేదు. ప్రవాహం లేకపోతే అంతర్నిరోధం మీద ఖర్చు లేదు. కాబట్టి అప్పుడు టెర్మినల్ వోల్టేజి, వి.చా.బ. ఒక్కటే.

మీరు కాంటాక్టు తరగతుల్లో చేసే పొటెన్షియోమీటరు ప్రయోగం ఇదే. తీగ మీద జాకీని జరుపుతూ సున్నా విక్షేపం కోసం వెతకడం విసుగనిపించవచ్చు. ఆ సున్నా వెనుక ఉన్న కారణం గుర్తుంచుకుంటే విసుగు తగ్గుతుంది. ఒక ఉదాహరణ చూడండి. ఒక ఘటానికి సంతులన పొడవు 550 సెంటీమీటర్లు. అదే ఘటానికి 5 ఓమ్‌ల నిరోధం కలిపినప్పుడు 500 సెంటీమీటర్లు. మొదటిది వి.చా.బ.కు, రెండోది టెర్మినల్ వోల్టేజికి అనులోమానుపాతంలో ఉంటాయి. తేడా 50 సెంటీమీటర్లు అంతర్నిరోధం మీది వోల్టేజికి గుర్తు. కాబట్టి:

అంతర్నిరోధం = 5 × 50 ÷ 500 = 0.5 ఓమ్.

ఓమ్ 1826లో బి అని రాసినదాన్నే మీరిక్కడ ఓమ్‌ల ప్రమాణంలో కనుక్కున్నారు.

7. బలం నుంచి శక్తికి

ఓమ్ సూత్రం సరైనదే. కానీ వోల్టేజి అంటే ఏమిటో ఆయన చెప్పిన వివరణ సరైనది కాదు. తీగలో ఒక్కో చోట విద్యుత్తు ఎంత చిక్కగా ఉందో దాన్నే ఆయన కొలతగా తీసుకున్నాడు. చిక్కగా ఉన్న చోటు నుంచి పలచగా ఉన్న చోటుకు, వేడి ప్రవహించినట్టు, విద్యుత్తు ప్రవహిస్తుందని ఊహించాడు. అయితే వాహకంలో నిశ్చల ఆవేశం ఉపరితలం మీదే ఉంటుందని స్థిరవిద్యుత్ శాస్త్రం చెబుతుంది. ఈ రెండింటికీ పొత్తు కుదరలేదు.

దాన్ని కుదిర్చినవాడు గుస్తావ్ కిర్కాఫ్. 1845లో, ఇంకా విద్యార్థిగా ఉండగానే, వలయాలకు సంబంధించిన తన రెండు నియమాలను ప్రచురించాడు. 1849లో మరో వ్యాసంలో, ఓమ్ చెప్పిన రాశి విద్యుత్తు సాంద్రత కాదని, స్థిరవిద్యుత్ శాస్త్రంలోని పొటెన్షియలేనని చూపించాడు. విద్యుద్దర్శిని చూపే తన్యత, ప్రవాహం ఉన్న తీగ మీది వోల్టేజి ఒకే రాశి అని అప్పుడు తేలింది. ఆంపియర్ విడదీసిన రెండు స్థితులు మళ్ళీ ఒక్కటయ్యాయి.

ఈలోగా శక్తి లెక్కలు కూడా తేలుతున్నాయి. తీగలో పుట్టే ఉష్ణం ప్రవాహ వర్గానికీ నిరోధానికీ అనులోమానుపాతంలో ఉంటుందని జౌల్ 1841లో ప్రకటించాడు. శక్తి నిత్యత్వ నియమంపై హెల్మ్‌హోల్ట్జ్ వ్యాసం 1847లో వచ్చింది. తీగ వేడెక్కుతోందంటే ఆ శక్తి ఎక్కడి నుంచో రావాలి. లోహాలు తాకినంత మాత్రాన అది రాదు. జింకు కరగడం వంటి రసాయన చర్య నుంచే రావాలి. 1851లో విలియం థామ్సన్ డేనియల్ ఘటంలోని రసాయన చర్య ఇచ్చే ఉష్ణం నుంచి దాని వి.చా.బ.ను లెక్కకట్టి చూపాడు. వోల్టా సిద్ధాంతంలోని లోపానికి జవాబు దొరికింది.

ఇప్పుడు నిర్వచనాలు సూటిగా చెప్పుకోవచ్చు. ఆధారం తన గుండా పోయే ప్రతి కూలుంబు ఆవేశానికి ఎంత శక్తి ఇస్తుందో అది విద్యుచ్ఛాలక బలం. వలయంలో రెండు బిందువుల మధ్య ప్రతి కూలుంబు ఎంత విద్యుత్ స్థితిశక్తిని కోల్పోతుందో అది ఆ బిందువుల మధ్య పొటెన్షియల్ భేదం, అంటే వోల్టేజి. రెండింటికీ ప్రమాణం వోల్టు, అంటే ఒక కూలుంబుకు ఒక జౌల్. బలానికి ప్రమాణం న్యూటన్. కాబట్టి విద్యుచ్ఛాలక బలం పేరుకే బలం, యాంత్రిక శాస్త్రంలోని అర్థంలో అది బలం కాదు. వోల్టా కాలపు ఊహ ఆ పేరులో మిగిలిపోయింది. పేరు మార్చకుండా అర్థాన్ని మాత్రం శాస్త్రం సరిదిద్దుకుంది.

ఇంకొక తేడా కూడా గుర్తుంచుకోండి. ఫారడే 1831లో కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణలో మారుతున్న అయస్కాంత అభివాహం చుట్టూ ఉన్న తీగ చుట్టలో వి.చా.బ. పుడుతుంది. అక్కడ ధన, ఋణ పలకలు లేవు. వి.చా.బ. చుట్ట అంతటా పరచుకుని ఉంటుంది. అంటే వి.చా.బ. మొత్తం వలయానికి సంబంధించిన రాశి. స్థిర ప్రవాహ వలయాలలో మనం చెప్పే పొటెన్షియల్ భేదం రెండు బిందువులకు సంబంధించిన రాశి.

8. వోల్టు

తంతి తీగలు సముద్రాలు దాటిన తరువాత ఒక దేశపు ఇంజనీరు కొలత మరొక దేశానికి అర్థం కావలసి వచ్చింది. విద్యుత్ ప్రమాణాలకు శాస్త్రజ్ఞుల పేర్లు పెట్టాలని లాటిమర్ క్లార్క్, చార్లెస్ బ్రైట్ 1861లో ప్రతిపాదించారు. 1881లో పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ విద్యుత్ మహాసభ వోల్టు, ఓమ్, ఆంపియర్ పేర్లను ఆమోదించింది. వోల్టు పరిమాణం డేనియల్ ఘటం వి.చా.బ.కు దగ్గరగా ఉండడం యాదృచ్ఛికం కాదు, వాడుకలో సౌకర్యం కోసమే అలా ఎంచుకున్నారు.

ఇక్కడ ఒక్క విషయం గమనించండి. వి.చా.బ.కు పేరు పెట్టిన వోల్టా పేరు, దాన్ని వోల్టేజి నుంచి వేరుగా చూడటానికి దారి చూపిన ఓమ్ పేరు, ప్రవాహాన్ని గుర్తించిన ఆంపియర్ పేరు మీరు రాసే ప్రతి లెక్కలోనూ పక్కపక్కనే ఉంటాయి.

9. సారాంశం

వోల్టా విద్యుత్తును తోసే సామర్థ్యాన్ని గుర్తించి దానికి బలం అని పేరు పెట్టాడు. ఆంపియర్ తన్యతనూ ప్రవాహాన్నీ వేరు చేశాడు, కానీ మూసిన వలయంలో తన్యతకు చోటివ్వలేదు. ఓమ్ ఆధారాన్ని కూడా వలయంలో భాగంగా లెక్కించి, వి.చా.బ.నూ అంతర్నిరోధాన్నీ రెండు వేరు స్థిరాంకాలుగా చూపాడు. పాగెన్‌డార్ఫ్ ప్రవాహం లేని స్థితిలో వి.చా.బ.ను కొలిచే పద్ధతి ఇచ్చాడు. కిర్కాఫ్, జౌల్, హెల్మ్‌హోల్ట్జ్, థామ్సన్‌ల కృషితో రెండూ శక్తి భాషలోకి వచ్చాయి.

లెక్క చేసేటప్పుడు ఒక్క అలవాటు చేసుకోండి. వలయం గీయగానే ఘటం గుర్తు పక్కన దాని అంతర్నిరోధాన్ని కూడా గీయండి. విలువ ఇవ్వకపోతే దాన్ని ఉపేక్షిస్తున్నట్టు రాయండి. ఆ చిన్న గీత గీస్తే వి.చా.బ.నూ వోల్టేజినీ మీరు ఇక కలగలపరు.

మీ ప్రగతిని సరిచూసుకోండి - 2

ఇ) ఒక ఘటం వి.చా.బ. 1.5 వోల్టులు, అంతర్నిరోధం 0.5 ఓమ్. దానికి 2.5 ఓమ్‌ల నిరోధం కలిపితే టెర్మినల్ వోల్టేజి ఎంత?
ఈ) బ్యాటరీని ఛార్జి చేస్తున్నప్పుడు టెర్మినల్ వోల్టేజి వి.చా.బ. కంటే ఎక్కువగా ఎందుకు ఉంటుంది?

జవాబులు

అ) 7285 ÷ 40½ = సుమారు 180. అంతర్నిరోధం, బయటి నిరోధం సమానం కాబట్టి సరిగ్గా సగం.
ఆ) ఆధారపు అంతర్నిరోధం మిగిలే ఉంటుంది. గరిష్ఠ విలువ 7285 ÷ 20¼ = సుమారు 360.
ఇ) ప్రవాహం 1.5 ÷ 3 = 0.5 ఆంపియర్. టెర్మినల్ వోల్టేజి 0.5 × 2.5 = 1.25 వోల్టులు. మిగిలిన 0.25 వోల్టు అంతర్నిరోధం మీద ఉంది.
ఈ) ప్రవాహ దిశ తిరగబడుతుంది. ఛార్జరు వి.చా.బ.ను ఎదుర్కోవడంతోబాటు అంతర్నిరోధం మీది వోల్టేజిని కూడా భరించాలి. అందుకే ఆ రెండింటి మొత్తం టెర్మినళ్ళ మధ్య కనిపిస్తుంది.